నాన్న మతిమరుపును వయసు మీదికి నెట్టెయ్యకు

చి. రవికి పెద్దమ్మ ఆశీస్సులు.

గ్యాస్ మీద పాలు పెట్టి మర్చిపోవడం, ఇప్పుడే చెప్పిన మాట మళ్లీ అడగడం, దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు దాటబోయి మధ్యలో ఆగిపోవడం. మీ నాన్న గురించి నువ్వు చెప్పినవన్నీ విని, "పెద్దతనం కదా పెద్దమ్మా" అన్నావే, ఆ మాటే నాకు నచ్చలేదు. పేర్లు చప్పున గుర్తు రాకపోవడం, రెండు పనులు ఒకేసారి చూసుకోలేకపోవడం వయసుతో మామూలే. కానీ ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషికి మందు దెబ్బ కూడా ఉంటుంది. దృష్టి నిలిపే పని చూసే మెదడు ముందు భాగాన్ని అది బాగా పాడుచేస్తుంది. పైగా వయసు మీదపడితే ఒంట్లో నీరు తగ్గుతుంది. అప్పటి రెండు పెగ్గులే ఇప్పుడు ఇంకా గట్టిగా ఎక్కుతాయి. "నేనెప్పుడూ తాగేదేగా" అంటే ఒప్పుకోకు.

నేను నర్సుగా ఉన్నప్పుడు డాక్టరు ఇలాంటివాళ్లను వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మనేవారు. తొంభై మూడు, ఎనభై ఆరు... అక్కడ ఆగి, "ఎంత తియ్యమన్నారు?" అని అడిగేవాళ్లు. లెక్క రాక కాదు, ధ్యాస జారిపోయి. పూర్తిగా మానేస్తే కొన్ని నెలల్లో చాలామందికి ఈ ధ్యాస కొంతైనా తిరిగొస్తుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అయితే కోపంలో సీసాలు పారబోసి ఒక్కసారిగా ఆపించకు నాన్నా. రోజూ తాగేవాళ్లకు అలా ఆపితే చేతులు వణుకుతాయి, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత లేనివి కనిపించి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చూస్తుండగా మందులతోనే మాన్పించాలి. తిండి మానేసి తాగేవాళ్లకు బి1 విటమిన్ తగ్గిపోతుంది. నడక తూలినా, కళ్లు సరిగ్గా తిరగకపోయినా, అయోమయంగా మాట్లాడినా తెల్లారేదాకా ఆగకు, వెంటనే క్యాజువాలిటీకి తీసుకెళ్లు. ఈ బి1 లోటు ముదిరితే జరగనివి జరిగినట్టు చెబుతారు. అబద్ధాలాడుతున్నాడని తిట్టకు, జ్ఞాపకంలో పడ్డ ఖాళీని మెదడు అలా పూడ్చుకుంటుంది.

ఎర్రగడ్డ మానసిక వైద్యశాల పేరెత్తితే మనవాళ్లు మొహం చాటేస్తారు. నువ్వు మొహమాటపడకు, అక్కడ మందు మాన్పించే విభాగం ఉంది. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే సర్కారువారి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ సంగతి సాయంత్రం ఎత్తకు, పొద్దున టిఫినయ్యాక చెప్పు. అమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకో. ఆయన వేసుకునే మాత్రలన్నీ, ముఖ్యంగా నిద్రమాత్రలు, సంచిలో వేసుకుని వెళ్లు. ఈ మధ్య ఎక్కడైనా పడి తలకు దెబ్బ తగిలిందేమో అమ్మనడిగి, చిన్నదైనా సరే, డాక్టరుకు తప్పకుండా చెప్పు.

మీ పెద్దమ్మ