మైక్రోకంట్రోలర్, ఎఫ్‌పీజీఏ కలిసి ఉన్న చిప్ ఎందుకు?

మీ ప్రశ్న: పలాసలో జీడిపప్పును రంగును బట్టి వేరుచేసే మెషీన్‌కు బోర్డు చేస్తున్నారు, మామూలు మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రామ్ నడిపే చిన్న కంప్యూటర్ చిప్) సరిపోదా, ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనమే అమర్చుకోగల చిప్) కూడా ఎందుకు అని.

చిన్న లెక్క వేద్దాం. పప్పు సెకనుకు 3 మీటర్ల వేగంతో జారుతుంటే, ఒక్క మిల్లీసెకనులో 3 మిల్లీమీటర్లు కదిలిపోతుంది. మైక్రోకంట్రోలర్ ఆదేశాలను ఒకదాని తర్వాత ఒకటి చేస్తుంది. మధ్యలో డిస్‌ప్లే పనో, ఇంకో ఇంటరప్టో (చేస్తున్న పని ఆపించే అత్యవసర సిగ్నల్) అడ్డొస్తే, మచ్చపప్పును ఊది పక్కకు తోసే గాలి వాల్వు ఆలస్యంగా తెరుచుకుంటుంది. మచ్చపప్పు దాటిపోయి, పక్కనున్న మంచి పప్పు ఎగిరిపోతుంది. అదీ అసలు టెన్షన్!

ఎఫ్‌పీజీఏలో ప్రోగ్రామ్ నడవదు, మీరు రాసిందే సర్క్యూట్ అవుతుంది. కెమెరా డేటాను పోల్చడం, 32 వాల్వులకు టైమింగ్ ఇవ్వడం అన్నీ ఒకేసారి జరుగుతాయి. సెట్టింగులు, స్క్రీన్, నెట్‌వర్క్ మాత్రం ప్రాసెసర్‌కే హాయి. రెండూ ఒకే చిప్‌లో ఉంటే మధ్యలో బోర్డు మీద తీగలు తగ్గుతాయి, రెండింటి మధ్య డేటా వేగంగా అటూఇటూ వెళ్తుంది.

2010లో యాక్టెల్ కంపెనీ తెచ్చిన ఇలాంటి చిప్ స్మార్ట్‌ఫ్యూజన్‌లో ఎఫ్‌పీజీఏతో పాటు కార్టెక్స్-ఎం3 అనే ప్రాసెసర్ ఉంది. జైలింక్స్ కంపెనీ చిప్ జింక్-7000లో చాలా మోడళ్లకు రెండు కార్టెక్స్-ఎ9 ప్రాసెసర్ కోర్లు ఉంటాయి. కెమెరా పనికి నేనైతే జింక్ తీసుకుంటాను. ఒకట్రెండు సెన్సర్లే ఉంటే ఇంత ఖర్చు వద్దు, మైక్రోకంట్రోలర్ చాలు.

ఒక జాగ్రత్త. జింక్‌లో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఎఫ్‌పీజీఏ భాగంలోని లాజిక్ (మీరు రాసిన సర్క్యూట్) మళ్లీ లోడ్ కావాలి. ఆ కాసేపు వాల్వులు వాటంతటవే తెరుచుకోకుండా వాల్వును నడిపే ప్రతి డ్రైవర్ సర్క్యూట్ ఇన్‌పుట్‌కూ పుల్‌డౌన్ రెసిస్టర్ (సిగ్నల్ లేనప్పుడు ఇన్‌పుట్‌ను సున్నా వోల్టుల దగ్గర ఉంచేది) తప్పకుండా పెట్టండి.