కూలెంట్ తగ్గుతోందని హెడ్ విప్పకండి, ముందు డ్రెయిన్ నట్టు వదులు చేయండి

పాత ప్రొక్లెయిన్ కొన్నారు, రోజుకు లీటరు కూలెంట్ (ఇంజినును చల్లబరిచే ద్రవం) తగ్గుతోంది, బయట చుక్క కారడం లేదు, మెకానిక్ హెడ్ గ్యాస్కెట్ (ఇంజిను పైభాగమైన హెడ్ కింద ఉండే రేకు) పోయిందంటున్నాడు, మార్పించాలా అని అడిగారు.

ఇప్పుడే వద్దు. కనీసం ఒక రాత్రి ఆగండి. నేను ఆ మాటే నమ్మి హెడ్ విప్పించాను. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో నడపడానికి 20 టన్నుల పాత బండి కొన్న రెండో నెల అది. హెడ్ దించి, లేత్‌కు పంపి చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ వేశారు. మూడు రోజులు పని ఆగింది. నాలుగో రోజు సాయంత్రానికి రేడియేటర్‌లో నీళ్లు మళ్లీ నాలుగు వేళ్లు దిగాయి.

అప్పుడు ఒంగోలు నుంచి ఒక పెద్దాయనను పిలిపించాను. లారీ ఇంజిన్లు బాగుచేస్తూ జుట్టు నెరిసిన మనిషి. పానా ముట్టుకోలేదు. "బాబూ, రేపు పొద్దున చెబుతాను" అన్నారు. చల్లారిన రేడియేటర్‌కు చేతిపంపు బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు గాలి కొట్టారు. వాటర్ పంపు అడుగునుండే చిన్న రంధ్రం, హీటరు గొట్టాలు, క్లాంపులు టార్చి వేసి చూశారు. అన్నీ పొడిగానే ఉన్నాయి. తెల్లవారేసరికి గేజు ముల్లు సగానికి పడిపోయింది. ఆయన బండి కిందికి దూరి, ఆయిల్ ఛాంబరు డ్రెయిన్ నట్టును పూర్తిగా తీయకుండా కొద్దిగా వదులు చేసి గాజు గ్లాసు పట్టారు. నల్లటి నూనె రావలసిన చోట ముందు ఆకుపచ్చ నీళ్లు వచ్చాయి. ముప్పాతిక గ్లాసు నిండాక గానీ నూనె మొదలవలేదు. నీరు నూనె కన్నా బరువు, రాత్రంతా కదలకపోతే అడుక్కి చేరుతుంది. పగలు బండి నడుస్తున్నంతసేపూ అది వేడికి ఆవిరై, ఇంజిను ఆవిరి బయటికి పోయే బ్రీదరు గొట్టం గుండా పోతుంటే, నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ మీద ఏం కనపడుతుంది?

ఛాంబరు దించి, మళ్లీ గాలి కొట్టి, పిస్టన్లు ఒక్కొక్కటే పైకి తిప్పి చూశాం. మూడో లైనరు (పిస్టన్ కదిలే గొట్టం) లోపలి గోడ మీద ఒక ఆకుపచ్చ చుక్క పుట్టి, పెరిగి, జారింది. తర్వాత ఇంకొకటి. లైనరు బయటికి లాగితే పిస్టన్ ఒరిగే వైపు మాత్రమే చెదలు తిన్నట్టు వరసగా గుంటలు, అందులో ఒకటి సూది దూరేంత రంధ్రం. ఇంధనం మండిన ప్రతిసారీ లైనరు కంపిస్తుంది. దాన్ని ఆనుకున్న నీటిలో ఆవిరి బుడగలు పుట్టి లోహం మీదే పగులుతాయి. మంచి కూలెంట్‌లోని రసాయనాలు దానికి అడ్డుగా పొర కడతాయి. పాత యజమాని పోసింది బోరు నీళ్లు. ఇంజిను బ్లాకు లోపల గోరుతో గీకితే సున్నం పెళ్లలుగా ఊడింది.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. లక్షలు పెట్టి యంత్రం కొంటారు, కూలెంట్ డబ్బా దగ్గర లెక్క చూస్తారు. రేడియేటర్‌లో పసుపు పోసి, కారడం ఆగిందని అమ్మేస్తారు. వేడెక్కుతోందని, ఇంజిను వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ పీకేస్తారు. అది లేకపోతే ఇంజిను సరైన వేడి అందుకోక రింగులు, లైనర్లు త్వరగా అరిగిపోతాయి. మూత స్ప్రింగు పోతే మార్చరు. ఒక బార్ ఒత్తిడి నిలిస్తే నీరు దాదాపు 120 డిగ్రీల దాకా మరగదు, నిలవకపోతే 100కే మరిగి పొంగిపోతుంది. మీరు మూత మార్చి చూశారా? అన్నిటికన్నా చవకైన పని అది.

గ్యాస్కెటే అయితే, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే అందులో బుడగలు ఆగకుండా వస్తాయి. అవి రాకపోతే లైనరును కూడా అనుమానించండి. ఒక్క జాగ్రత్త: రాత్రంతా ఒత్తిడి పెట్టాక పొద్దున్నే తాళం తిప్పకండి. సిలిండరులో నీరు నిండి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ముందు ఇంజినును చేత్తో రెండు చుట్లు తిప్పించండి. ఎక్కడైనా గట్టిగా అడ్డుపడితే అక్కడే ఆపి ఇంజెక్టర్లు విప్పించండి.