ఏటవాలు కప్పుకు రంగు: మంచం మీద స్టూలు వద్దు

ప్రశ్న: మా పడకగది స్లాబు ఏటవాలుగా ఉంటుంది. గోడల దగ్గర 10 అడుగులు, నడికొప్పు దగ్గర 15 అడుగుల ఎత్తు. పాత సున్నం పెచ్చులుగా రాలుతోంది. సంక్రాంతిలోగా మేమే ఎమల్షన్ వేసుకోవాలనుకుంటున్నాము. డబుల్‌కాట్ మీద స్టూలు వేసుకుంటే చెయ్యి అందుతుందని మా అబ్బాయి అంటున్నాడు. నాకు భయంగా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, సోంపేట, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ భయం సరైనదే. మంచం మీద వేసిన స్టూలు కుదురుగా నిలవదు, కాలు జారితే పట్టుకోవడానికి అక్కడ ఏమీ అందదు. అయితే మీ పనిలో రంగు వేయడం కంటే పాత సున్నం గోకడమే ఎక్కువ ప్రమాదం. రోలరుకు 6 నుంచి 8 అడుగుల పొడుగు కర్ర తగిలిస్తే మీ అబ్బాయి నేల మీద నిలబడే కప్పులో చాలా భాగానికి రంగు వేయగలడు. గోకుడు అలా కాదు. గోకే రేకును పైకి అదిమిన ప్రతిసారీ ఆ ఒత్తిడి మనిషిని వెనక్కి నెడుతుంది, నిచ్చెన మీదున్నవారు తూలేది అప్పుడే.

అందుచేత గోకుడు పని జరిగినన్ని రోజులూ చక్రాల ఇనుప పరంజాను అద్దెకు తెచ్చుకోండి. చక్రాలకు లాకులు వేసి, చుట్టూ కమ్మీ ఉన్న పలకల మీద నిలబడి పనిచేయాలి. దాని ఎత్తు అడుగుభాగపు వెడల్పుకు 3 రెట్లు మించకుండా చూసుకోవాలి. మనిషి పైన ఉండగా ఒక్క అడుగు కూడా జరపకూడదు. మీ వైపు సరుగుడు కర్రలకు కొదవ లేదు కనుక వాటితో కట్టేద్దామని ఎవరైనా అనవచ్చు. అది రోజూ ఆ పని చేసే మేస్త్రీ కడితే సరే, ఇంట్లోవాళ్లు తాళ్లతో బిగించిన పరంజాను మాత్రం నేను నమ్మను.

అంచుల్లో బ్రష్షు పనికి మడత నిచ్చెన చాలు. కాళ్లు పూర్తిగా విప్పాలి, పై రెండు మెట్లు ఎక్కకూడదు, పక్కకు వాలి అందుకోబోకుండా దిగి నిచ్చెననే జరుపుకోవాలి. రంగు చుక్కలు పడకుండా నున్నని టైల్స్ మీద పాత పేపర్లు పరిచి, వాటి మీదే నిచ్చెన నిలబెట్టేవారున్నారు; కాళ్ల కింద పేపరు ఉండనే కూడదు. అల్యూమినియం నిచ్చెనను వాకిట్లో నుంచి లోపలికి తెచ్చేటప్పుడు పైన సర్వీసు వైరు ఉందేమో చూసుకోండి.

ఫ్యాను స్విచ్ ఆపితే సరిపోదు. మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్ చేత ఫ్యాను దింపించండి.

సున్నం పొడి కంటికి చాలా హానికరం కాబట్టి పక్కలు కూడా మూసి ఉండే కళ్లద్దాలు, మాస్కు, తలపాగా తప్పనిసరి. గోకే ముందు కప్పును కొద్దిగా తడిపితే దుమ్ము తగ్గుతుంది. పొడి కంట్లో పడితే నలపకుండా, రెప్పలు తెరిచి పట్టుకుని, కనీసం 20 నిమిషాలు ధారగా మంచినీళ్లతో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను తీరం దాటింది మీ జిల్లాలోనే. స్లాబు పైన బీటలు ఉండి చెమ్మ దిగుతుంటే ముందు వాటిని పూడ్పించండి, లేకపోతే కొత్త రంగు కూడా పొక్కిపోతుంది. వానలు తగ్గాక, డిసెంబరులో పని మొదలుపెట్టండి. గోకిన చోట అరచేత్తో రుద్ది చూడండి. తెల్లపొడి అంటుతున్నంత కాలం ఎమల్షన్ నిలవదు, ఇంకా గోకాలి. చెయ్యి శుభ్రంగా వచ్చాక ప్రైమరు వేసి, అది పూర్తిగా ఆరిన తరువాతే రంగు డబ్బా మూత తీయండి.