తెల్ల పోలో, ర్యాలీ స్టికర్లు, 2.3 లక్షల లోన్

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. ఊరు హిందూపురం, ఉద్యోగం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో. చేతికి నెలకు 96,000 వస్తుంది. అద్దె 23,000, ఇంటి ఖర్చు 28,000, అమ్మానాన్నలకు 10,000, కారు ఈఎంఐ 9,400 (ఇంకా 26 నెలలు), పెట్రోలు, సర్వీసు కలిపి 7,000, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది) 8,000. బ్యాంకులో 1,40,000 ఉంది. పాపకు 14 నెలలు. ఏడాది క్రితం ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గర 2018 మోడల్ తెల్ల ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ కారు కొని ఇక్కడికి తెచ్చుకున్నాను. ఏపీ 02 నంబరు. దాన్ని ర్యాలీ (మట్టి రోడ్ల మీద జరిగే కార్ల పందెం) కారులా చేయించాలని కాలేజీ రోజుల నుంచి కోరిక. జేసీ రోడ్డులో ఒక షాపువాళ్లు మొత్తం 2,30,000 చెప్పారు: ఒళ్లంతా ఫిల్మ్ (రంగు మీద అంటించే స్టికర్ పొర) 90,000, అలాయ్‌లు, టైర్లు 62,000, సైలెన్సర్, స్ప్రింగులు 48,000, బానెట్ లైట్లు, రూఫ్ స్కూప్ (పైకప్పు మీద గాలి గూడు), నాలుగు పాయింట్ల సీటు బెల్టులు వగైరా 30,000. 14 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ ఇస్తామని బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. మా ఆవిడ వద్దనడం లేదు, కానీ ఆ మాట ఎత్తితే లేచి వెళ్లిపోతోంది. పిచ్చి ఖర్చు అంటారని తెలుసు. అయినా అడుగుతున్నాను, తీసుకోమంటారా?

జవాబు: లోన్ తీసుకోవద్దు. కారు మీద స్టికర్లు మాత్రం వేయించుకోండి. ఈ రెండిటి మధ్య ఏడాది, ఏడాదిన్నర పని ఉంది, అది వివరంగా రాస్తాను.

పిచ్చి ఖర్చు అని నేను అనను. ర్యాలీలంటే నాకూ ప్రాణమే. చిక్కమగళూరు కాఫీ తోటల్లో మట్టి రోడ్డు పక్కన, తెల్లవారుజాము నుంచి నిలబడి చూసినవాణ్ని. మీ పోలో అంటారా, ఆ పోలో ఆధారంగా తయారైన కారుతోనే ఫోక్స్‌వ్యాగన్ 2013 నుంచి 2016 వరకు వరుసగా నాలుగేళ్లు ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ గెలిచింది. నాలుగేళ్లూ డ్రైవర్ టైటిల్ సెబాస్టియన్ ఓజియేదే. మన దేశంలో జాతీయ ర్యాలీల్లో కూడా పోలోలు చాలా పరిగెత్తాయి. కాబట్టి మీ కోరికకు ఒక చరిత్ర ఉంది, దాన్ని తక్కువ చేయను.

కానీ ఆ కార్ల మీద స్టికర్లు ఎందుకు ఉంటాయో ఒక్కసారి గుర్తు చేసుకోండి. టైర్ల కంపెనీ, ఆయిల్ కంపెనీ, కూల్‌డ్రింక్ కంపెనీ టీముకు డబ్బు కడతాయి, ఆ డబ్బుతో కారు పరిగెడుతుంది. 1995లో కాలిన్ మెక్‌రే ప్రపంచ చాంపియన్ అయిన నీలం సుబారు మీద పసుపు రంగు 555 అందరికీ గుర్తే, అది ఒక సిగరెట్ బ్రాండు పేరు. అక్కడ స్టికర్ ఆదాయం. మీ ఇంట్లో అదే స్టికర్ నెలకు 7,861 రూపాయల ఖర్చు, మూడేళ్లు. 2,30,000కి 14 శాతం చొప్పున 36 నెలలకు ఈఎంఐ అంతే వస్తుంది. మొత్తం కట్టేది 2,82,996. అంటే వడ్డీయే దాదాపు 53,000.

ఇప్పుడు మీరిచ్చిన లెక్క కూడితే నెల ఖర్చు, సిప్‌తో కలిపి, 85,400. మిగిలేది 10,600. లోన్ తీసుకుంటే మిగిలేది 2,739. పాపకు జ్వరం వచ్చి రెండుసార్లు డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ నెల అయిపోయినట్టే. సిప్ ఆపేసినా మీ ఇంటికి నెలకు 77,400 కావాలి, బ్యాంకులో ఉన్న 1,40,000 రెండు నెలలు కూడా రాదు. మీరు రాసినదాంట్లో టర్మ్ ఇన్సూరెన్స్ (మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే పాలసీ) మాటే లేదు. మీ ఆవిడ లేచి వెళ్లిపోవడానికి కారణం స్టికర్లు కాకపోవచ్చు. ఆవిడని కూర్చోబెట్టి ఈ రెండు అంకెలు, 2,739, రెండు నెలలు, మీరే ముందుగా చెప్పండి.

ఇక షాపువాళ్ల లిస్టు. దీంట్లో డబ్బు కంటే పెద్ద సంగతులున్నాయి.

మీ కారు ఆర్‌సీలో రంగు తెలుపు అని ఉంటుంది. ఒళ్లంతా వేరే రంగు ఫిల్మ్ చుడితే ఆర్‌సీలో రంగు ఒకటి, రోడ్డు మీద రంగు ఇంకొకటి అవుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సారాంశం ఇదే: ఆర్‌సీలో ఉన్న వివరాలు, కంపెనీ ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని చట్టంలో ఉంది. సైలెన్సర్, బానెట్ మీద లైట్లు నేరుగా దీని కిందికే వస్తాయి, శబ్దం, ఎదుటివాళ్ల కళ్లలో పడే వెలుతురు సంగతి అటుంచి. ఆ 48,000, ఈ 30,000 మొత్తం కొట్టేయండి.

నాలుగు పాయింట్ల బెల్టుల గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ర్యాలీ కారులో ఆ బెల్టు చుట్టూ ఇనుప పైపులతో రోల్ కేజ్ ఉంటుంది. కారు పల్టీ కొట్టినా పైకప్పు లోపలికి రాదు. మీ కారులో అది లేదు. పైకప్పు నలిగితే మామూలు బెల్టులో మనిషి కాస్త పక్కకు ఒరగగలడు, ఆ బెల్టు మాత్రం నిటారుగా కట్టి పడేస్తుంది. మీ కారులో ఎయిర్‌బ్యాగులు కూడా కంపెనీ ఇచ్చిన మూడు పాయింట్ల బెల్టుకు సరిపడేలా చేసినవే. చిన్నపాప ఎక్కే కారు అది. దయచేసి ఈ ఒక్కటి మాత్రం ఫ్రీగా ఇచ్చినా వేయించుకోవద్దు.

అలాయ్‌లు కూడా అక్కర్లేదు, కంపెనీవి బాగానే ఉంటాయి. టైర్లు అరిగితే కంపెనీ సైజులోనే మంచివి నాలుగు వేయించుకోండి. కారు నిజంగా బాగా నడిచేది వాటితోనే.

మిగిలింది ఫిల్మ్. ఇక్కడ మీ అదృష్టం, కారు తెల్లది. ఓజియే నడిపిన పోలో కూడా సగం తెలుపే. ఒళ్లంతా చుట్టాల్సిన పనే లేదు. తలుపుల మీద నంబరు, పక్కన రెండు రంగుల చారలు, బానెట్ మీద ఒక పట్టీ, మట్టి ఫ్లాపులు. కారును ఎవరు చూసినా తెల్ల కారు అనే అంటారు, ఆర్‌సీలో రంగు అలాగే నిలుస్తుంది. కట్ చేసిన స్టికర్లతో ఇది 20,000, 25,000లో అయిపోతుంది. నంబరు ప్లేటు మీదకు, లైట్ల మీదకు ఏదీ రాకూడదు. ముందు అద్దం పైన అడ్డంగా వేసే పట్టీ కూడా వద్దు. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలని నిబంధన, పైగా అద్దాల మీద ఫిల్మ్ అంటించడాన్ని సుప్రీంకోర్టు 2012లోనే తప్పుబట్టింది. ఇంకో మాట, సిగరెట్ బ్రాండు ఉన్న పాత డిజైన్లు ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. పొగాకు ప్రకటనలు మన దగ్గర 2003 చట్టం కింద నిషేధం.

ఫిల్మ్‌లో రెండు రకాలున్నాయి. క్యాలెండర్డ్ అనేది చవక, చదునుగా ఉన్న చోట బాగానే ఉంటుంది, వంపుల దగ్గర కొన్నాళ్లకు ముడుచుకుని అంచులు లేస్తాయి. కాస్ట్ అనేది ఖరీదు ఎక్కువ, వంపులకు అతుక్కుని ఉంటుంది. మీ అపార్ట్‌మెంట్‌లో ఎండలో పార్కింగ్ అయితే బానెట్ మీద పట్టీ ముందుగా వెలుస్తుంది. మరీ పాతబడేదాకా ఉంచితే తీసేటప్పుడు ముక్కలు ముక్కలుగా వస్తుంది, గమ్ మిగిలిపోతుంది. ఇంకా ముఖ్యమైనది, మీది సెకండ్ హ్యాండ్ కారు. కంపెనీ పెయింట్ మీద ఫిల్మ్ శుభ్రంగా వచ్చేస్తుంది. కానీ అంతకుముందు ఎవరైనా తలుపుకో ఫెండర్‌కో మళ్లీ రంగు వేయించి ఉంటే, ఫిల్మ్‌తో పాటు ఆ రంగు కూడా పొరలా లేచి రావచ్చు. పెయింట్ మందం చూసే మీటర్ మంచి షాపుల్లో ఉంటుంది. అంటించేముందు అన్ని ప్యానెళ్లూ చూపించుకోండి.

ఇన్సూరెన్స్ సంగతి. నా దగ్గరికి వచ్చే ఒకాయన కారుకు ఇలాగే రంగు ఫిల్మ్ ఉండేది. హోసూరు రోడ్డు మీద లారీ వెనక నుంచి తగిలింది. డిక్కీ తలుపు, బంపర్ కొత్తవి వచ్చాయి, ఆర్‌సీలో ఉన్న రంగులో. ఫిల్మ్ గురించి పాలసీలో చెప్పలేదు కాబట్టి దానికి పైసా రాలేదు. కొత్త ఫిల్మ్ వేస్తే రెండేళ్లు ఎండిన పాతదానితో కలవలేదు. చివరికి వెనక భాగమంతా 22,000 పెట్టి మళ్లీ చుట్టించుకున్నాడు. మీరు స్టికర్లు వేయించిన వారంలోనే ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టి, ఫొటోలు, బిల్లు జతచేసి, ఎండార్స్‌మెంట్ (పాలసీలో ఈ మార్పు రాసి ఇవ్వడం) అడగండి. అదనపు ప్రీమియం చెబితే చూసుకుని నిర్ణయించుకోండి. చెప్పకుండా మాత్రం ఉండొద్దు. స్టికర్ గీసుకుపోతే చిన్న క్లెయిమ్ పెట్టకండి. వరుసగా క్లెయిమ్ లేకుండా ఐదేళ్లు గడిస్తే నో క్లెయిమ్ బోనస్ 50 శాతానికి చేరుతుంది, ఒక్క క్లెయిమ్‌తో అది సున్నా.

ఇలా ముస్తాబైన కారు ఉంటే స్నేహితులు ట్రాక్ మీదకు తీసుకెళ్దాం అంటారు. మామూలు కారు పాలసీల్లో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్ (బండి ఎంత తట్టుకుంటుందో చూసే పరీక్ష) వాడకానికి కవర్ లేదని స్పష్టంగా రాసి ఉంటుంది. టైమ్-స్పీడ్-డిస్టెన్స్ ర్యాలీలు (చెప్పిన దూరాన్ని చెప్పిన సగటు వేగంతో, సరిగ్గా సమయానికి చేరడం) వేగం కంటే లెక్కకు సంబంధించినవి, మామూలు కారుతోనే పాల్గొనవచ్చు, మీలాంటివాళ్లకు చాలా నచ్చుతాయి. వాటికి వెళ్లేముందు కూడా కవర్ ఉందో లేదో ఇన్సూరెన్స్ కంపెనీతో రాతపూర్వకంగా చెప్పించుకోండి.

ఇప్పుడు మీరు అడగని విషయం. ఏపీ 02 నంబరుతో బెంగళూరులో ఏడాది అయింది అన్నారు. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడ రిజిస్టర్ చేయించాలి, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. తెల్ల కారుగా ఉన్నంతకాలం ఎవరూ మిమ్మల్ని ఆపకపోవచ్చు. తలుపు మీద నంబరు, చారలు వేసిన రోజు నుంచి మారతహళ్లి బ్రిడ్జి కింద అందరూ మీ కారునే చూస్తారు, ట్రాఫిక్ పోలీసులతో సహా. కారు వయసును బట్టి ట్యాక్స్ తగ్గిస్తారు గానీ, అయినా పదుల వేలల్లోనే ఉంటుంది. హిందూపురం ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), కారు లోన్ ఇచ్చిన బ్యాంకు నుంచి ఎన్‌వోసీ తెచ్చుకోండి. ఇక్కడ నంబరు మారాక ఆంధ్రలో కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి రీఫండ్‌కు దరఖాస్తు పెట్టుకోండి. ఆర్టీవోలో ఇన్‌స్పెక్టర్ బండి చూస్తాడు కాబట్టి, ఈ పని స్టికర్లకు ముందే జరగాలి. వెనక్కి ముందుకు చేశారంటే స్టికర్లు పీకించి మళ్లీ వేయించుకోవాల్సి రావచ్చు.

నెల లెక్క ఇలా పెట్టుకోండి. మిగిలే 10,600లోంచి ముందుగా కోటి రూపాయల టర్మ్ పాలసీ. మీ వయసుకు, పొగతాగే అలవాటు లేకపోతే, ఏడాదికి 12,000, 15,000 మధ్య దొరుకుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత లైఫ్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. నెలకు 1,200 అనుకోండి. 6,000 ఆపద నిధిగా రికరింగ్ డిపాజిట్‌లో పడాలి, బ్యాంకులో ఉన్న 1,40,000కు ఇది తోడై నాలుగు లక్షలకు చేరేదాకా ఆపొద్దు. 3,000 వేరే ఖాతాలో, అది కారుది. ఏడాదికి 36,000 అవుతుంది. నాలుగు టైర్లకు, సర్వీసుకు అదే ఆధారం. సిప్ 8,000 అలాగే ఉండనీయండి.

వచ్చే బోనస్ చేతికి ఎంత వస్తుందో మీరు రాయలేదు. 1,20,000 వస్తుందనుకుంటే 60,000 రిజిస్ట్రేషన్‌కు పక్కన పెట్టండి, 35,000 ఆపద నిధిలో వేయండి, 25,000తో జేసీ రోడ్డుకు వెళ్లండి. తక్కువ వస్తే మొదటి రెండూ పూర్తయ్యాకే మూడోది. కారును ఇంకో నాలుగైదేళ్లు ఉంచుకుంటానని మీకు మీరు గట్టిగా చెప్పుకోగలిగితేనే బయలుదేరండి. 2022లో పోలో మన దేశంలో ఆగిపోయింది, కంపెనీ ఫిట్టింగ్‌లో ఉన్న జీటీలకు అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. స్టికర్లు తీసేస్తే మీది మళ్లీ అలాంటి కారే. సైలెన్సర్ కోసిన కారు మాత్రం మళ్లీ అలా కాదు.

బిల్లులో ఫిల్మ్ కంపెనీ పేరు, రకం, వారంటీ ఎన్నేళ్లో రాయించుకోండి. మిగిలిన ఫిల్మ్ ముక్క చుట్టి ఇంటికి తెచ్చుకుని నీడలో దాచుకోండి, ఎక్కడైనా గీసుకుపోతే పనికొస్తుంది. నిజమైన ర్యాలీ కారుకు వెనక పక్క అద్దాల మీద డ్రైవర్ పేరు, కో-డ్రైవర్ (పక్కన కూర్చుని దారి చెప్పే మనిషి) పేరు ఉంటాయి కదా, మీకూ అది వేయించుకోవాలని ఉంటుంది. అద్దం మీద వద్దు, దాని కింద తలుపు మీద చిన్న అక్షరాల్లో వేయించుకోండి. కో-డ్రైవర్ పేరు రాయించే ముందు, పైన చెప్పిన లెక్క కాగితం మీద రాసి ఆవిడకు చూపించండి.