కోర్‌కో కౌంటర్ పెట్టినా మొత్తం ఎందుకు తగ్గుతోంది?

ప్రశ్న: నేను బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. లినక్స్‌లో ఎనిమిది థ్రెడ్లతో (ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే సాగే పనులు) నడిచే ప్రోగ్రాం ఒకటి రాసి, అన్నీ ఒకే కౌంటర్ కోసం పోటీ పడకుండా ప్రాసెసర్‌లోని కోర్‌కో కౌంటర్ ఏర్పాటు చేశాను. థ్రెడ్ ఏ కోర్ మీద ఉందో అడిగి తెలుసుకుని ఆ కోర్ కౌంటర్‌కు ఒకటి కలుపుతున్నాను. అయినా చివరి మొత్తం ప్రతిసారీ కొంత తక్కువే వస్తోంది. ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే అనుమతించే లాక్ పెడితే లెక్క సరిపోతోంది కాని వేగం పడిపోతోంది. ఈ రెండు మూడు ఇన్‌స్ట్రక్షన్లు పూర్తయ్యేదాకా నా థ్రెడ్‌ను కదపవద్దని ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ అయిన కెర్నల్‌కు చెప్పే మార్గం ఉందా?
– ఒక విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మధ్యలో అస్సలు ఆపవద్దని కెర్నల్‌ను కట్టడి చేసే మార్గం మామూలు ప్రోగ్రాంకు లేదు. నడుస్తున్న పనిని మధ్యలో ఆపించే సంకేతాలైన ఇంటరప్టులను ఆపే ఇన్‌స్ట్రక్షన్ కెర్నల్‌కే పరిమితం. మామూలు ప్రోగ్రాంకు ఆ అధికారం ఇస్తే, అది తిరిగి వదలకపోయిన రోజున ఆ కోర్ మొత్తం నిలిచిపోతుంది. అయితే మీకు కావలసిన ఫలితం మరో దారిలో దొరుకుతుంది.

ముందు తప్పు ఎక్కడ జరుగుతోందో చూడండి. మీ థ్రెడ్ 2వ కోర్ కౌంటర్‌లో ఉన్న 41ని రిజిస్టర్‌లోకి, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గదిలోకి, తెచ్చుకుంది. సరిగ్గా అప్పుడే, ఏ థ్రెడ్ ఎప్పుడు నడవాలో నిర్ణయించే షెడ్యూలర్ దాన్ని పక్కకు తప్పించి అదే కోర్ మీద మరో థ్రెడ్‌ను నడిపింది. ఆ థ్రెడ్ 42 రాసి వెళ్ళింది. మీ థ్రెడ్ తిరిగి వచ్చి, రిజిస్టర్‌లో ఉన్న పాత 41కి ఒకటి కలిపి మళ్ళీ 42 రాసింది. రెండు సంఘటనలకు ఒక్కటే లెక్కలోకి వచ్చింది. ఇంటెల్, ఏఎండీల ఎక్స్86 ప్రాసెసర్లలో చదవడం, కలపడం, రాయడం అనే ఈ మూడు పనులనూ ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో చేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. చేయవచ్చు, కాని కోర్ సంఖ్య తెలుసుకోవడానికీ కౌంటర్‌ను తాకడానికీ మధ్యలో థ్రెడ్ వేరే కోర్‌కు మారిపోతే, ఒకే కౌంటర్ మీద రెండు కోర్లు ఒకేసారి పడతాయి.

మీ ఊరి మిర్చి యార్డులో కాటా దగ్గర గుమాస్తా పుస్తకంలో 41 చూసి, 42 రాయబోతుండగా ఎవరో పిలిస్తే వెళ్ళాడనుకోండి. అతన్ని వెళ్ళకుండా ఆపనక్కరలేదు. తిరిగి వచ్చాక మనసులో ఉన్న అంకెను రాయకుండా పుస్తకాన్ని మళ్ళీ చూసి మొదలుపెడితే చాలు.

లినక్స్‌లోని రీస్టార్టబుల్ సీక్వెన్సులు చేసేది ఇదే. వీటిని పొట్టిగా ఆర్‌సెక్ అంటారు. కెర్నల్ డెవలపర్ మాథ్యూ డెనోయే ఎంతో కాలం పట్టుదలగా పనిచేసిన మీదట ఇవి 2018లో 4.18 కెర్నల్‌లో చేరాయి. ఆలోచన మాత్రం అంతకన్నా పాతది: చదివి, మార్చి, రాయడాన్ని విడదీయలేని ఒకే పనిగా చేసే అటామిక్ ఇన్‌స్ట్రక్షన్ లేని ఎంఐపీఎస్ ఆర్3000 వంటి ప్రాసెసర్ల కోసం బ్రయన్ బెర్షాడ్, డేవిడ్ రెడెల్, జాన్ ఎల్లిస్ అనే పరిశోధకులు 1992లోనే దీన్ని ప్రతిపాదించారు.

మధ్యలో ఆటంకం తగలకూడని మీ ఇన్‌స్ట్రక్షన్ల వరుస ఎక్కడ మొదలవుతుందో, ఎంత పొడవుందో, మధ్యలో ఆటంకం వస్తే ఎక్కడికి వెళ్ళాలో ఒక చిన్న పట్టికలో రాసి, థ్రెడ్‌కూ కెర్నల్‌కూ ఉమ్మడిగా ఉండే చోట ఆ పట్టిక చిరునామా ఉంచుతారు. థ్రెడ్‌ను పక్కకు తప్పించినా, వేరే కోర్‌కు మార్చినా, సిగ్నల్ అందించినా, తిరిగి ప్రోగ్రాంలోకి పంపేముందు కెర్నల్ అది ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఆగిందో చూస్తుంది. ఆ చోటు మీ వరుస లోపల ఉంటే, ఆగిన చోటికి కాకుండా మీరు చెప్పిన ఆటంకపు చిరునామాకు పంపుతుంది. అక్కడి నుంచి మీ కోడ్ కోర్ సంఖ్యను కొత్తగా చదువుకుని మొదటి నుంచి ప్రయత్నించాలి. ఈ చదవడం మరిచిపోతే పాత తప్పే తిరిగి వస్తుంది.

దీనంతటికీ ప్రాణం వరుసలోని చివరి ఇన్‌స్ట్రక్షన్. ఫలితాన్ని మెమరీలో రాసే పని అదొక్కటే చేయాలి. అంతకుముందు చేసినవన్నీ వదిలేసినా నష్టం లేనివై ఉండాలి. వరుస మధ్యలో సిస్టం కాల్, అంటే కెర్నల్‌ను పని అడిగే పిలుపు, చేయకూడదు. సీ భాషలో రాస్తే కంపైలర్ మీ వరుసను అలాగే ఉంచుతుందన్న హామీ లేదు కనుక అసెంబ్లీ తప్పదు. ఆ శ్రమ లేకుండా లిబ్‌ఆర్‌సెక్ అనే లైబ్రరీలో సిద్ధంగా ఉన్నవి వాడుకోండి. లినక్స్‌లోని సీ లైబ్రరీ అయిన గ్లిబ్‌సీ 2.35 నుంచి, ఆర్‌సెక్ కోసం కెర్నల్ దగ్గర థ్రెడ్ల నమోదు దానంతటదే జరుగుతుంది.

నా అభిప్రాయం అడిగితే, ఒక్క కౌంటర్ కోసమే అయితే థ్రెడ్‌కో కౌంటర్ పెట్టుకుని చివర్లో కలపండి. థ్రెడ్లు వందలూ వేలూ అయి, కోర్లు కొన్నే ఉన్నప్పుడు ఆర్‌సెక్ విలువ తెలుస్తుంది. ప్రోగ్రాంలకు మెమరీ పంచిపెట్టే గూగుల్ వారి టీసీమాలక్ కోర్‌కో మెమరీ నిల్వ ఉంచుకోవడానికి దీన్నే వాడుతుంది.

ప్రశ్న: ఆర్‌సెక్ వాడిన కోడ్‌ను, తప్పులు వెతికే డీబగ్గర్ అయిన జీడీబీలో ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ చొప్పున నడిపితే ఎప్పటికీ ముందుకు సాగడం లేదు. కోడ్‌లో తప్పుందా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: తప్పు ఉండనక్కరలేదు. డీబగ్గర్ అడుగడుగునా థ్రెడ్‌ను ఆపుతుంది. ఆపిన ప్రతిసారీ కెర్నల్ దాన్ని ఆటంకంగానే లెక్కించి మొదటికి పంపుతుంది. డీబగ్గర్ ఆగాల్సిన చోటును చెప్పే బ్రేక్‌పాయింట్‌ను వరుస లోపల కాకుండా అది ముగిసిన తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ మీద పెట్టి, వరుసను ఒక్క ఊపులో దాటనివ్వండి.