మందులు వాడుతున్నాను, ఆఫీసు మాత్రం మారట్లేదు... రాజీనామా చేసేయాలా?

ప్రశ్న: చదువయ్యాక ఇది నా మొదటి ఉద్యోగం. ఏడాదిన్నర అవుతోంది. చిన్న పొరపాటు దొరికినా మా మేనేజర్ అందరూ ఉన్న గ్రూపులోనే "ఇది కూడా రాదా?" అని పెడతారు. రాత్రి పదిన్నరకు మెసేజ్ చేసి తెల్లారేసరికి కావాలంటారు. యాంగ్జైటీ, డిప్రెషన్ ఉన్నాయని డాక్టరు చెప్పి మూడు నెలలైంది. మందులు వాడుతున్నాను. సెలవు రోజు సాయంత్రమైతే చాలు, మర్నాడు తలుచుకుని కడుపులో తిప్పుతుంది. తప్పు నాదేనేమో, ఎక్కడికెళ్లినా ఇంతేనేమో అనిపిస్తోంది. "అందరూ భరించట్లేదా, నీకే ఎందుకిలా?" అంటున్నారు ఇంట్లోవాళ్లు. రేపే రాజీనామా ఇచ్చేద్దామనుకుంటున్నాను. తర్వాత ఇంటర్వ్యూల్లో గ్యాప్ గురించి అడిగితే ఏం చెప్పాలి?

జవాబు: రాజీనామా చేయొద్దని నేను అనను. రేపు మాత్రం చేయకండి.

దానికంటే ముందు ఒక్క మాట. బతికి ఏం లాభం, నేను లేకపోతేనే మేలు లాంటి ఆలోచనలు వస్తుంటే కింద రాసిందంతా పక్కన పెట్టేయండి. ఇవాళే డాక్టరుకు ఫోన్ చేయండి, వాళ్లు దొరక్కపోతే దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. మీకు నమ్మకమున్న ఒక మనిషికి విషయం చెప్పి, పక్కనే ఉండమనండి. ఆ పరిస్థితిలో సెలవులు, నోటీసు పీరియడ్, మేనేజర్ ఏమనుకుంటారో అన్నవేవీ లెక్కలోకి రావు.

అలాంటిదేమీ లేదంటే, మీరు రాసినదాంట్లో రెండు వేర్వేరు సంగతులు ముడిపడి ఉన్నాయి. వాటిని విడదీద్దాం. అందరి ముందు చీవాట్లు పెట్టడం, రాత్రివేళ పని చెప్పడం ఆఫీసు చేస్తున్న పనులు. మీకు జబ్బు లేకపోయినా అవి తప్పే. "తప్పు నాదే, ఎక్కడికెళ్లినా ఇంతే" అన్నది డిప్రెషన్ మాట. తనను తాను నిందించుకోవడం, ముందు ముందు ఏమీ బాగుపడదనిపించడం ఆ జబ్బు లక్షణాల్లోనే ఉన్నాయి. ఆఫీసు చెడ్డది కావచ్చు, జబ్బు దాన్ని ఇంకా పెద్దది చేసి చూపిస్తుండవచ్చు. రెండూ ఒకేసారి నిజం కావడంలో వింతేమీ లేదు.

విడదీయడానికి ఓ నోటు పుస్తకం పెట్టుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వద్దు, ఇంట్లో సొంతంగా రాసుకోండి. ఎలాగంటే: "మంగళవారం సాయంత్రం 6:40. రిపోర్టు పంపాను. గ్రూపులో 'చెత్తలా ఉంది' అని పెట్టారు. ఏం మార్చాలని అడిగితే జవాబు లేదు." ఇది జరిగింది. "గురువారం. మీటింగ్‌లో నా వైపు చూడలేదు. తీసేస్తారేమో." ఇందులో మొదటి వాక్యం జరిగింది, రెండోది మీకు అనిపించింది. ఒక పేజీలో ఎడమ వైపు జరిగినవి, కుడి వైపు అనిపించినవి రాయండి. మూడు నాలుగు వారాలయ్యాక చదివితే మీకే తెలుస్తుంది. ఎడమ వైపు నిండిపోతే వెళ్లిపోవాలన్న మీ ఆలోచనకు గట్టి ఆధారం దొరికినట్టే, రేపు ఫిర్యాదు చేయాల్సి వచ్చినా తేదీలతో సహా చేతిలో ఉంటుంది. కుడి వైపే ఎక్కువుంటే ఆ పేజీలు డాక్టరుకో, కౌన్సిలర్‌కో చూపించండి. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో (ఆలోచనలను పరీక్షించి మార్చుకోవడం నేర్పే మాటల చికిత్సలో) చేయించేది చాలావరకు ఇలాంటి పనే.

పని ఒత్తిడి మీద పరిశోధన చేసిన రాబర్ట్ కరాసెక్ 1979లో ఒక సంగతి చెప్పారు. పని భారం ఒక్కటే మనిషిని కుంగదీయదు, భారం ఎక్కువగా ఉండి దానిమీద మన అదుపు తక్కువైనప్పుడు ఎక్కువ దెబ్బ తగులుతుంది. మీది సరిగ్గా ఆ కథే. కాబట్టి మేనేజర్ స్వభావం మార్చే ప్రయత్నం వద్దు, అది మీ వల్ల కాదు. అదుపు కాస్త మీ చేతికి వచ్చేలా అడగండి. నోటిమాటగా కాకుండా మెయిల్‌లో పెట్టండి: "నిన్న రాత్రి చెప్పిన పని ఇవాళ మధ్యాహ్నం రెండుకల్లా ఇస్తాను. దానికంటే ముందు కావాలంటే ఇప్పుడు చేతిలో ఉన్న రెండింటిలో ఏది పక్కన పెట్టాలో చెప్పండి. మార్పులేమైనా ఉంటే నాకు విడిగా రాయండి, వెంటనే సరిచేస్తాను." ఇందులో ఫిర్యాదు లేదు, ఏడుపు లేదు. జవాబు ఎలా వస్తుందన్నది కూడా నోటు పుస్తకంలోకి ఎక్కించండి.

హెచ్‌ఆర్‌కు చెప్పాలా అని మీరు అడగలేదు కానీ, తర్వాత ఆ ఆలోచన వస్తుంది. హెచ్‌ఆర్‌లో మంచివాళ్లు ఉంటారు, అయినా వాళ్లు పనిచేసేది కంపెనీ కోసం. జబ్బు పేరు చెప్పుకోవడం కంటే మీకు కావాల్సింది అడగడం మేలు. వారంలో ఒక రోజు ఇంటి నుంచి పని, థెరపీకి వెళ్లే రోజు గంట ముందు వదలడం, వేరే టీముకు బదిలీ. రుజువు అడిగితే డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్ చూపిస్తే చాలు. జబ్బు వివరాలు ఎంతవరకు చెప్పాలన్న దానిపై చట్టాలు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి, కంపెనీ సెలవుల పాలసీ ముందు చదవండి.

మందుల సంగతి డాక్టరే చూడాలి. నేను చెప్పగలిగింది ఇంతే: డిప్రెషన్ మందులు సాధారణంగా పనిచేయడం మొదలుపెట్టడానికే కొన్ని వారాలు పడుతుంది. మూడు నెలలైనా తేడా లేదంటే ఊరుకోకండి, డోసు మార్చాలో, మందే మార్చాలో, థెరపీ కలపాలో అడగండి. కాస్త తేలికగా ఉందని మీ అంతట మీరు ఆపేయకండి. ఆఫీసులో ఏం జరుగుతోందో డాక్టరుకు చెప్పారా? చాలామంది నిద్ర, ఆకలి గురించి చెప్పి ఇది వదిలేస్తారు. అవసరమనుకుంటే మెడికల్ లీవుకు రాసిచ్చేది కూడా వాళ్లే.

ఇక ఇంట్లోవాళ్ల మాట. డిప్రెషన్, యాంగ్జైటీల వల్ల ప్రపంచంలో ఏటా దాదాపు 1200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందరూ భరించడం లేదు, చాలామంది బయటికి చెప్పట్లేదంతే. వాళ్లతో వాదించి అలిసిపోకండి. కుదిరితే ఇంట్లో ఒకరిని ఈసారి డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లండి. మీరు వందసార్లు చెప్పినా ఎక్కని మాట డాక్టరు ఒక్కసారి చెబితే ఎక్కుతుంది.

రేపు వద్దన్నది ఎందుకంటే, డిప్రెషన్ బాగా లోతుగా ఉన్న రోజున తీసుకున్న నిర్ణయంలో పారిపోవాలన్న తొందరే ఎక్కువ. పైగా చేతిలో జీతం లేకుండా ఇంట్లో కూర్చుంటే పగలంతా పడుకోవడం, రాత్రి నిద్ర పట్టకపోవడం, డబ్బు గురించి కొత్త టెన్షన్. డాక్టరు ఒప్పుకుంటే ముందు సెలవు పెట్టండి. తిరిగొచ్చాక ఉద్యోగం చేస్తూనే వెతకండి, రోజూ కాదు, వారంలో రెండు సాయంత్రాలు చాలు. కొన్ని నెలల ఖర్చుకు సరిపడా డబ్బు పక్కన పెట్టగలిగితే, లేదా ఇంట్లోవాళ్లు ఆదుకుంటామంటే, కొత్త ఉద్యోగం దొరక్కముందే మానేసినా తప్పు లేదు. సెలవు, మెయిల్, బదిలీ అన్నీ అయ్యాక కూడా ఒంట్లో బాగోకపోతే మానేయడమే సరైన పని.

దొరికిన మొదటి ఆఫర్‌కు తల ఊపేయకండి, పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టవుతుంది. ఇంటర్వ్యూ చివర్లో "మీ ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అని అడుగుతారు కదా, అప్పుడు అడగండి: నా ముందు ఈ సీట్లో ఉన్నవాళ్లు ఎందుకు వెళ్లారు? పనిలో తప్పు జరిగితే టీములో ఎలా మాట్లాడుకుంటారు? జవాబు తడబడితే అర్థం చేసుకోండి. వీలైతే అక్కడ పనిచేసి మానేసిన ఒకరితో మాట్లాడండి.

గ్యాప్ వస్తే, "ఆరోగ్యం కోసం కొంతకాలం విరామం తీసుకున్నాను, ఇప్పుడు పూర్తి సమయం పనికి సిద్ధంగా ఉన్నాను" అనండి. ఆ విరామంలో నేర్చుకున్నది ఏదైనా ఉంటే ఒక్క వాక్యం కలపండి. పాత మేనేజర్‌ను తిట్టకండి, జబ్బు పేరూ చెప్పనక్కర్లేదు. ఇంకా తవ్వితే "అది నా వ్యక్తిగత విషయం, ఈ పనికి అడ్డు రాదు" అని మర్యాదగా చెప్పి, మాట పని మీదికి మళ్లించండి. అప్పటికీ వదలకుండా గుచ్చి గుచ్చి అడిగారంటే ఆ ఆఫీసు గురించి మీకు కావాల్సింది ఇంటర్వ్యూలోనే తెలిసిపోయినట్టు.