కుక్కలు మొరిగితే బాపు లైటు ఆర్పేస్తాడు

ప్రశ్న: మా బాపుకు డెబ్బై దాటాయి. రాత్రి కుక్కలు మొరిగితే చాలు, లేచి లైటు ఆర్పేస్తాడు. ఎవరన్నా పిలిస్తే పలకొద్దని చేత్తో సైగ చేస్తాడు. ఎందుకంటే ‘అప్పట్ల అంతే’ అంటాడు. నేను పుట్టింది 1992లో, ఆ రోజులు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తు. అయినా గొళ్లెం మళ్లీ మళ్లీ చూసుకోనిదే పడుకోను. ఇప్పుడు తొమ్మిదేళ్ల మా బిడ్డ కూడా కుక్కలు అరిస్తే దుప్పట్లో ఊపిరి బిగబడుతోంది. ఇది రక్తంలో వస్తుందా మేడమ్?
– ఒక రైతు, జగిత్యాల జిల్లా

జవాబు: తమ్ముడూ, రక్తం సంగతి మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మీ ఇంటి సంగతికి అంత దూరం పోనక్కర్లేదు. పాప తాత చేతిని చూసింది, మీ చేయి గొళ్లెం మీదికి పోవడం చూసింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. కారణం తెలియని భయం పిల్లలకు ఇంకా పెద్దగా కనిపిస్తుంది. నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడ్డవాళ్ల పిల్లల్లో, ఆ శిబిరాలను కంటితో చూడకపోయినా, ఇలాంటి బాధే ఉందని కెనడాలో వివియన్ రాకాఫ్ అనే మానసిక వైద్యుడు 1966లోనే రాశారు.

మీ జగిత్యాల, పక్కన సిరిసిల్ల తాలూకాలను 1978లో కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి రాత్రి అన్నలు, అంటే నక్సలైట్లు, అన్నం అడిగేవాళ్లు, తెల్లారి పోలీసులు ఎందుకు పెట్టావని అడిగేవాళ్లు. ఇన్ఫార్మర్ అని ముద్ర పడితే ప్రాణానికే ముప్పు. అప్పుడు కుక్కల అరుపే ముందస్తు కబురు. లైటు ఆర్పిన ఆ తెలివే మీ ఇంటిని కాపాడి ఉంటుంది, బాపును తప్పుపట్టకండి.

హన్మకొండలో నా దగ్గరికొచ్చిన ఒక అమ్మ, కొడుకు ముచ్చటపడి కొనుక్కున్న ఆకుపచ్చ ప్యాంటును, అన్నల బట్టల రంగని, పొయ్యిలో పెట్టింది. ఆమె తమ్ముడు ఎన్‌కౌంటర్లో పోయాడు. అదే వాడకట్టులో ఇంకో ఇంటాయనను ఇన్ఫార్మరని చంపారు. ఆ రెండిళ్లూ ఇప్పటికీ పెళ్లికీ చావుకూ కలవవు. ఒకరి శవం దగ్గర ఇంకొకరు ఏడవలేని ఊళ్లు మనవి. అందుకే ఇది మీ ఒక్కింటి జబ్బని నేననను, మందు బిళ్లతో పోతుందనీ చెప్పను.

పాపకు పగటిపూట చెప్పండి, పడుకునే ముందు వద్దు. ‘తాత వయసులో ఉన్నప్పుడు ఊళ్లో తుపాకులు తిరిగేవి, తాత భయపడ్డాడు, ఇప్పుడు అవి రావడం లేదు’ అంటే చాలు. దెబ్బల సంగతులు వద్దు. కుక్కలు మొరిగితే టార్చి పట్టుకుని ఇద్దరూ వాకిట్లోకి పోయి చూసి రండి. బాపును ‘ఏం జరిగింది’ అని గుచ్చి అడగకండి. ‘అప్పుడు రాత్రి పొలానికి నీళ్లెట్ల కట్టేటోళ్లు?’ అంటే తనే మొదలుపెట్టొచ్చు. ఆగిపోతే వదిలేయండి.

నిద్ర బొత్తిగా లేకున్నా, కలలో అరిచినా, తాగుడు పెరిగినా ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ‘నాకేం భయం’ అని బాపు అంటాడేమో. ‘నిద్ర పడతలేదు’ అని చెప్పమనండి, మిగతావి అడగడం డాక్టర్ల పని.